కాలేజీ బాస్కెట్‌బాల్‌లో స్టార్టింగ్ ఐదుగురు, అంటే మ్యాచ్ మొదట్లోనే బరిలోకి దిగేవాళ్లు, ఎలా ఖరారవుతారు? బెంచీలో కూర్చుంటే కెరీర్ పోయినట్టేనా?

పోయినట్టు కాదు. అమెరికాలో కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం మొదటి మ్యాచ్‌కు 42 రోజుల ముందు నుంచి 30 ప్రాక్టీసులు పెట్టుకోవచ్చు. అసలు పోటీ అక్కడే జరుగుతుంది. కోచ్‌లు పాయింట్లే చూడరు. డిఫెన్స్‌లో ఎవరు నిలబడుతున్నారు, బంతిని ఎవరు పోగొట్టుకోవడం లేదు, మిగతా నలుగురితో ఎవరి ఆట కుదురుతోంది అన్నవీ లెక్కలోకి వస్తాయి.

2014-15 కెంటకీ యూనివర్సిటీ జట్టునే చూడండి. మంచి ఆటగాళ్లు ఎక్కువైపోవడంతో కోచ్ జాన్ కాలిపరి ఐదుగురేసి రెండు బృందాలు చేసి, ఆగస్టులో బహామాస్ టూర్‌లోనే ఆ పద్ధతిని పరీక్షించారు. డిసెంబర్‌లో అలెక్స్ పాయ్‌త్రెస్ మోకాలి గాయంతో సీజన్‌కే దూరమవడంతో ఆ లెక్క మారిపోయింది. అయినా వరసగా 38 మ్యాచ్‌లు గెలిచి, ఫైనల్ ఫోర్‌లో (జాతీయ టోర్నీ సెమీఫైనల్ దశ) విస్కాన్సిన్ చేతిలో మాత్రమే ఓడారు.

ఆ జట్టులో డెవిన్ బుకర్ బెంచీ మీద నుంచి వచ్చేవాడు. 2015 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమం) 13వ స్థానంలో ఎంపికయ్యాడు. స్టార్టర్‌గా ఆడిన ఆరన్ హారిసన్‌ను మాత్రం ఆ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. అందుకే మొదటి ఐదుగురి జాబితా చూసి టెన్షన్ పడకండి. మ్యాచ్ చివరి ఐదు నిమిషాల్లో కోచ్ ఎవరిని ఆడిస్తున్నారో చూడండి.