4కే వీడియో ఎడిట్ చేయాలంటే 4కే మానిటర్ ఉండాల్సిందేనా?

అక్కర్లేదు, మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద కూడా 4కే వీడియోను ఎడిట్ చేసి 4కేలోనే బయటికి తీయొచ్చు. ఫైల్ ఎంత స్పష్టంగా వస్తుందన్నది అసలు ఫుటేజీ, టైమ్‌లైన్ (క్లిప్పులు వరుసగా పేర్చి ఎడిట్ చేసే చోటు) సైజు, ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల మీద ఆధారపడుతుంది. మానిటర్ చూపించేది ప్రివ్యూ మాత్రమే.

కావలిలో పెళ్లి వీడియోలు తీసే కుర్రాడు తక్కువ బడ్జెట్‌లో సిస్టమ్ కొంటున్నాడనుకోండి. ఎస్‌ఆర్‌జీబీ (తెరలకు మామూలుగా వాడే ప్రామాణిక రంగుల శ్రేణి) రంగులను దాదాపు పూర్తిగా చూపే 24 అంగుళాల ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని ప్యానెల్) మానిటర్ చాలు. మిగిలిన డబ్బు 32 జీబీ ర్యామ్‌కి, ఫైళ్లను వేగంగా చదివే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకి, ముఖ్యంగా ప్రాసెసర్‌కి పెట్టాలి. ఇప్పటి కెమెరాలు ఇచ్చే హెచ్.265 ఫైళ్లు బాగా కుదించినవి. ఒక ఫ్రేమ్ చూపించాలంటే పక్క ఫ్రేముల్ని కూడా విప్పాలి. టైమ్‌లైన్ నత్తనడక నడిచేది అక్కడే. ఇంటెల్ చిప్‌లో వీడియోను విప్పడానికే ఉన్న క్విక్ సింక్ అనే భాగం ఈ భారం మోస్తుంది. కానీ పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో అది పనిచేయదు. కాస్త చవకని తొందరపడొద్దు. అప్పటికీ ఆగి ఆగి నడిస్తే 720పీ ప్రాక్సీలు (అసలు ఫైళ్లకు చిన్న సైజు నకళ్లు) చేసుకుని ఎడిట్ చేయాలి. ఎక్స్‌పోర్ట్‌లో సాఫ్ట్‌వేర్ అసలు ఫైళ్లనే వాడుకుంటుంది.

గేమింగ్‌కి మంచిదైతే ఎడిటింగ్‌కీ మంచిదే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు తెర మారే) మానిటర్ కొన్నా, సెకనుకు 25 ఫ్రేముల పెళ్లి వీడియోకి ఒరిగేదేమీ లేదు. రంగులు తప్పుగా చూపించే ప్యానెల్ అయితే పెళ్లికూతురి పట్టుచీర రంగే మారిపోతుంది.