హెచ్ఐవీ ఉన్న ఖైదీతో ఒకే బ్యారక్‌లో ఉంటే సోకుతుందా?

రిమాండులో ఉన్న మీ అన్నయ్యను హెచ్ఐవీ ఉన్న మరొకరితో ఒకే బ్యారక్‌లో ఉంచారని, ఆయనకూ సోకుతుందేమోనని అడిగారు. కొన్నేళ్ల క్రితం ఆ ‘మరొకరి’ స్థానంలో మా తమ్ముడు ఉన్నాడు కాబట్టి ఈ జవాబు రాస్తున్నాను.

పక్కపక్కన పడుకున్నా, ఒకే మరుగుదొడ్డి వాడినా, కంచాలు మారినా, దోమ కుట్టినా హెచ్ఐవీ సోకదు. కండోమ్ లేని లైంగిక సంబంధం, ఒకరు వాడిన సూదితో మరొకరు మత్తుమందు ఎక్కించుకోవడం, ఒకే సూదితో పచ్చబొట్లు పొడిపించుకోవడం, జైలులో అసలు ప్రమాదం వీటితోనే. ములాఖత్‌లో మీ అన్నయ్యతో మొహమాటపడకుండా వీటి గురించే మాట్లాడండి; క్షవరానికి ఎవరి బ్లేడు వారే వాడుకోవాలని కూడా చెప్పండి.

కావలి దగ్గర మా తమ్ముడిని అరెస్టు చేసిన రోజు అతని మాత్రల సీసా ఇంట్లోనే ఉండిపోయింది. జైలుకు తీసుకువెళ్తే బయటి మందులు లోపలికి పంపబోమని గేటు దగ్గరే తిప్పి ఇచ్చేశారు; మా అమ్మ ఆ సీసాను కొంగున ముడివేసుకుని తిరిగి బస్సెక్కింది. నెల్లూరు ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం వారి చికిత్స పుస్తకం నకలు జైలు వైద్యుడికి చేరి మందులు మొదలయ్యేసరికి 11 రోజులు గడిచాయి. ఈలోగా విషయం బ్యారక్ అంతా పాకి, అతని దుప్పటిని మరుగుదొడ్డి పక్కకు నెట్టేశారు. 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన 2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని బయటపెట్టకూడదు. కస్టడీలో ఉన్నవారికి కూడా నివారణ, పరీక్ష, చికిత్స పొందే హక్కు ఉంది. ఇది తెలిసి ఉంటే మేము మొదటి రోజే రాతపూర్వకంగా అడిగేవాళ్లం.

రోజూ మాత్ర వేసుకుంటూ రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గినవారి నుంచి లైంగికంగా కూడా ఇతరులకు సోకదు. మాత్ర ఆగితే వైరస్ మళ్లీ పెరుగుతుంది, ఒక్కోసారి మందుకు లొంగకుండా పోతుంది. కనుక మీరు భయపడుతున్న ఆ మనిషికి మందు సక్రమంగా అందడం మీ అన్నయ్యకూ రక్షణే. దయచేసి అతని పేరు మరెవరితోనూ అనకండి.

ఏదైనా ప్రమాదకర సంఘటన జరిగితే 72 గంటల లోపు వైద్యుడికి చెప్పాలి, ఎంత త్వరగా చెబితే అంత మేలు. నివారణ మందులు 28 రోజులు వాడాలి. అలాంటిదేమీ లేకపోయినా అనుమానం తీరకపోతే ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్ఐవీ సలహా, పరీక్షా కేంద్రంలో) ఉచితంగా పరీక్ష చేస్తారు, హెచ్ఐవీ సహాయవాణి 1097కు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు. నిజానికి కిక్కిరిసిన బ్యారక్‌లో గాలి ద్వారా వ్యాపించేది క్షయ. మీ అన్నయ్యకు రెండు వారాలుగా దగ్గు తగ్గకపోతే కఫం పరీక్ష చేయించమని జైలు వైద్యుడిని అడగండి.