చిత్వన్ అడవిలో నడుస్తూ ఖడ్గమృగాన్ని చూడాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల శీర్షిక మొత్తం నేపాల్‌లోని చిత్వన్ జాతీయ ఉద్యానానికే. అక్కడ గైడ్ల వెంట కాలినడకన ఖడ్గమృగాన్ని చూడటం గురించి పాఠకులు అడిగిన వాటిలో ముఖ్యమైనవి ఏరాం.

ఖడ్గమృగాలు మన కాజీరంగాలోనే ఎక్కువ కదండీ. నేపాల్ దాకా వెళ్లడం ఎందుకు?

సంఖ్య చూస్తే కాజీరంగాదే పైచేయి. 2022 గణనలో అక్కడ 2,613 తేలాయి. 2021లో నేపాల్ మొత్తానికి లెక్కతేలినవి 752, అందులో 694 చిత్వన్‌లోవి. కానీ కాజీరంగా గడ్డిమైదానాల్లో చూడటం జీపులోంచి, లేదంటే ఏనుగు మీద నుంచి. చిత్వన్‌లో మాత్రం లైసెన్సున్న గైడ్లతో నడిచి వెళ్లనిస్తారు. ఈ రెండు అనుభవాలకూ పోలికే లేదు. జీపులో ఉన్నవాళ్లకు ఖడ్గమృగం కనిపిస్తుంది, అంతే. నడిచేవాళ్లకు అది గడ్డి పరపరా కొరికే చప్పుడు ముందు వినిపిస్తుంది, బురద వాసన వస్తుంది, ఆ తర్వాత ఎప్పటికో రెల్లు మధ్య బూడిదరంగు చర్మం మడత ఒకటి కదులుతుంది.

1960ల్లో ఇక్కడ మిగిలినవి వంద దాకా మాత్రమే. 1973లో ఉద్యానం ఏర్పడింది, 1975 నుంచి నేపాల్ సైన్యం కాపలా కాస్తోంది, 1984లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మీరు దారిలో చూసే సైనిక పోస్టులు లేకపోతే ఈ నడకా లేదు, ఆ జంతువూ లేదు.

ఏ నెలలో వెళితే తప్పకుండా కనిపిస్తుంది?

తప్పకుండా అని ఏ గైడైనా చెబితే అతన్ని వదిలేయండి. అవకాశం ఎక్కువగా ఉండేది ఫిబ్రవరి రెండో సగం నుంచి ఏప్రిల్ దాకా. కారణం గడ్డి. వానలు వెళ్లేసరికి రెల్లు, ఏనుగు గడ్డి మనిషికి రెండు మూడింతల ఎత్తు పెరిగి ఉంటాయి. జనవరిలో కొద్దిరోజులపాటు చుట్టుపక్కల గ్రామస్తులను లోపలికి రానిచ్చి ఇళ్ల కప్పులకు గడ్డి కోసుకోనిస్తారు. తర్వాత మిగిలిన దుబ్బులను కాలుస్తారు. ఆ నల్లటి నేలలోంచి కొన్ని వారాల్లోనే లేత చిగుళ్లు లేస్తాయి. వాటి కోసం ఖడ్గమృగాలు బయటికొస్తాయి, చూపుకు అడ్డం ఉండదు.

అక్టోబరు, నవంబరుల్లో ఆకాశం తేటగా ఉండి హిమాలయాలు కనిపిస్తాయని చాలామంది అప్పుడే వెళతారు. కొండలకు అది మంచి కాలమే. నడకకు మాత్రం కాదు. గడ్డి నిలువెత్తున ఉన్నప్పుడు ఐదు మీటర్ల దూరంలో ఉన్న జంతువు కూడా కనబడదు. చూడటం కష్టమన్నది అటుంచండి, ప్రమాదం కూడా అప్పుడే ఎక్కువ. డిసెంబరు, జనవరుల్లో తెరాయి, అంటే హిమాలయాల కింది ఈ పల్లపు మైదానం, మీది పొగమంచు పొద్దెక్కేదాకా విడవదు. ఏప్రిల్ చివరి నుంచి ఎండ మండుతుంది, ఖడ్గమృగం పగటిపూట నీళ్లలోనే పడుకుంటుంది కాబట్టి మడుగుల దగ్గర వెతకాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, జలగలు, పొంగే రాప్తీ నది. ఆ నెలలు వద్దు.

గైడును ఎలా ఎంచుకోవాలి? ఒక్కరు చాలరా?

చాలరు. కాలినడకన వెళ్లే ప్రతి బృందం వెంట ఇద్దరు ఉండాలన్నది అక్కడి నియమం. ముందొకరు, వెనకొకరు, మధ్యలో మీరు, ఒకరి వెనక ఒకరుగా. ఒక్కరితోనే తీసుకెళతాం, తక్కువకి వస్తుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ముందున్న గైడు జంతువును చూస్తున్నప్పుడు వెనక నుంచి వచ్చేదాన్ని చూడటానికే ఆ రెండో మనిషి.

వాళ్ల చేతిలో తుపాకీ ఉండదు, వెదురు కర్ర మాత్రమే ఉంటుంది. కాబట్టి మీ రక్షణంతా వాళ్ల చెవుల్లో, కళ్లలో, అనుభవంలో ఉంది. లైసెన్సు కార్డు చూపమని అడగండి, తప్పేమీ లేదు. లోపల ఎన్నేళ్లుగా నడుస్తున్నారో, మీ బృందంలో ఎంతమందో అడగండి. నలుగురు మించకుండా ఉంటే మేలు, ఆరుగురు దాటితే అడుగుల చప్పుడే జంతువులను తరిమేస్తుంది. బయల్దేరే ముందు పది నిమిషాలైనా కూర్చోబెట్టి, ఏ జంతువు ఎదురైతే ఏం చేయాలో చెప్పారా లేదా గమనించండి. ఆ మాటలు చెప్పకుండా నడక మొదలుపెట్టేవాళ్లతో వెళ్లొద్దు.

ఇంకొకటి మనసులో పెట్టుకోండి. "ఇంకొంచెం దగ్గరికి" అని గైడును బతిమాలకండి. డబ్బిచ్చిన అతిథి అడిగితే కాదనడం వాళ్లకు కష్టం. దాన్ని ఆసరా చేసుకోవడం అన్యాయం, మీకే చేటు కూడా.

అంత పెద్ద అడవిలో ఖడ్గమృగం ఎక్కడుందో ఎలా పసిగడతారు?

మొదట చూసేది పేడకుప్ప. ఒకే చోటికి ఎన్నో ఖడ్గమృగాలు మళ్లీమళ్లీ వచ్చి పేడ వేస్తాయి, అది మోకాలి ఎత్తు గుట్టగా పేరుకుంటుంది. ఏనుగు పేడ దారి పొడవునా పడి ఉంటుంది కాబట్టి తేడా తెలిసిపోతుంది. కుప్ప మీద పైపేడ తడిగా మెరుస్తూ, ఈగలు ముసురుతూ ఉంటే జంతువు దగ్గర్లోనే ఉందన్నమాట. పై పొర ఎండి బీటలిచ్చి ఉంటే పాతది. ఆ కుప్పల్లోంచి భెల్లర్ అనే చెట్టు మొలకలు గుంపుగా లేచి ఉండటం గమనించండి. ఖడ్గమృగం ఆ పండ్లు మింగి, గింజలను ఎండ తగిలే గడ్డిమైదానాల్లోకి మోసుకొచ్చి ఎరువుతో సహా నాటుతుంది. నది ఒడ్డున ఆ చెట్లు అంతలా ఉండటంలో దాని పాత్ర చాలా ఉంది.

తర్వాత అడుగుజాడ. ప్రతి పాదానికీ మూడు వేళ్లు, ముద్ర జానెడు కన్నా పెద్దది. అంచులు పదునుగా ఉండి, గుంటలోకి ఊరిన నీళ్లు ఇంకా మురికిగా ఉంటే అది వెళ్లి ఎంతోసేపు కాలేదు. ఆకులకూ, చెట్టు మొదలుకూ రాసుకున్న బురద తడిగా ఉందా అని వేలితో తాకి చూస్తారు. గడ్డి మీదుగా మైనాలు, తెల్లకొంగలు ఒక్కసారిగా లేచాయంటే వాటి కింద ఏదో కదిలిందని అర్థం.

అన్నిటికంటే పెద్దది గాలి. ఖడ్గమృగానికి చూపు మందం, వాసన, వినికిడి మాత్రం బహు చురుకు. గైడు చిటికెడు దుమ్ము తీసి వదులుతాడు. అది మీ ముఖం మీదికి వస్తే గాలి అనుకూలం, జంతువు వైపు పోతే చుట్టూ తిరిగి రావాలి. అరగంట చుట్టు తిరగాల్సి వచ్చినా విసుక్కోకండి.

ఎంత దగ్గరికి వెళ్లొచ్చు?

మీటర్లలో చెప్పమంటే, మధ్యలో పెద్ద చెట్లుంటే నలభై, యాభై. ఖాళీ మైదానమైతే ఇంకా ఎక్కువ దూరం. పక్కన పిల్ల ఉన్న తల్లి అయితే చూసిన చోటే ఆగి వెనక్కి రావాలి. కానీ మీటర్ల కన్నా మంచి కొలత జంతువు ప్రవర్తన. అది మేస్తూనే ఉందా, మీరు సరైన చోట ఉన్నారు. తల ఎత్తి, దొప్పల్లాంటి రెండు చెవులూ మీ వైపు తిప్పిందా, అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చేశారు. తోక పైకి లేచి, గట్టిగా బుస వినబడిందంటే గైడు చెప్పకముందే చెట్టు ఎక్కడుందో మీ కళ్లు వెతకాలి. మీరు వచ్చి చూసి వెళ్లిన సంగతి దానికి తెలియకపోతేనే ఆ నడక బాగా సాగినట్టు.

మీదికి వస్తే వంకరటింకరగా పరిగెత్తాలని విన్నాను. నిజమేనా?

సగం నిజం. రెండు టన్నుల జంతువు గంటకు నలభై కిలోమీటర్ల పైన పరిగెత్తుతుంది. దాన్ని పరుగులో గెలిచే మనిషి లేడు. పైగా అంత ఒళ్లుతోనూ చప్పున మలుపు తిరగగలదు. ఖాళీ మైదానంలో వంకర పరుగు పెద్దగా పనికిరాదు. చెట్ల మధ్యైతే పనికొస్తుంది, ఎందుకంటే మీకూ దానికీ నడుమ మాను పడిన ప్రతిసారీ దాని మందపు చూపుకు మీరు తప్పిపోతారు.

కాబట్టి వరస ఇది. ముందు కదలకుండా నిలబడండి. చాలాసార్లు నాలుగడుగులు ఉరికి ఆగిపోతుంది, బెదిరించడానికే. గైడు చెయ్యి చూపిన వైపే కదలండి, ఎవరికి తోచిన దిక్కుకు వారు చెదరకండి. నిజంగా వస్తుంటే చెట్టెక్కండి, పాదాలు కనీసం ఆరడుగుల పైన ఉండాలి. ఎక్కలేకపోతే లావుపాటి మాను వెనక నిలబడి, అది తిరిగే కొద్దీ మీరూ మాను చుట్టూ తిరగండి. వీపు మీది సంచీ, టోపీ, చొక్కా ఏదైనా దాని దారిలోకి విసరండి. మనిషి వాసనున్న వస్తువు దగ్గర ఆగి వాసన చూస్తుంది, ఆ కొన్ని క్షణాలే మీకు దక్కేవి.

చెట్టు విషయంలో ఒక హెచ్చరిక. ఫిబ్రవరి, మార్చిల్లో ఎర్రగా పూసి కళ్లను లాగేది బూరుగు. లేత బూరుగు కాండమంతా మొనదేలిన ముళ్లు. దాని జోలికి వెళ్లొద్దు. నడుస్తున్నంతసేపూ "ఇప్పుడు వస్తే ఏ చెట్టు?" అని చూసుకుంటూ ఉండటం అలవాటు చేసుకోండి.

మరో సంగతి. ఒంటికొమ్ము ఖడ్గమృగం కొమ్ముతో పొడుస్తుందని అనుకుంటారు. అసలు ఆయుధం కింది దవడలోని కోర లాంటి పళ్లు. గాయాలు కోతల్లా పడేది అందుకే. కింద పడిపోతే లేచి పరిగెత్తే ప్రయత్నం కన్నా, దగ్గరున్న మాను వెనక్కి దొర్లడం మేలు.

పులి, ఎలుగుబంటి ఎదురైతే?

ఒక్కోదానికి ఒక్కో పద్ధతి, అందుకే ముందు చెప్పించుకోమన్నది. పులి అయితే కళ్లలోకి చూస్తూ, వీపు చూపకుండా మెల్లగా వెనక్కి. ఎలుగుబంటి అయితే అందరూ ఒక్కచోట గుమిగూడి నిలబడాలి, గైడ్లు కర్రలు నేలకేసి బాదుతూ అరుస్తారు. చెట్టెక్కడం అక్కడ పనికిరాదు, అది మీకన్నా బాగా ఎక్కుతుంది. అడవి ఏనుగు జాడ తగిలితే గైడు నడక దారే మార్చేస్తాడు. మార్చనివ్వండి.

బట్టలు, బూట్లు, కెమెరా?

ఎండుగడ్డి, మట్టి, ముదురాకుపచ్చ రంగులు. తెలుపు, ఎరుపు, మెరిసేవి వద్దు. పొడుగు చేతులు, పొడుగు ప్యాంటు. గడ్డి అంచు కోస్తుంది, గోమార్లూ ఉంటాయి. చప్పుడు చేసే గరగరలాడే రెయిన్‌కోటు బట్ట వద్దు. చీలమండ దాకా వచ్చే పాత బూట్లు వేసుకోండి, కొత్తవి మూడో గంటలో బొబ్బలెక్కిస్తాయి. సెంటు, వాసనొచ్చే నూనె రాసుకోవద్దు. సగం రోజు నడకకు మనిషికి రెండు లీటర్ల నీళ్లు.

బైనాక్యులర్ 8x42 చాలు. కెమెరాకు 100-400 మి.మీ. లెన్సు సరిపోతుంది, స్టాండు మోయకండి. ఫోను మూగగా పెట్టడమే కాదు, షట్టర్ శబ్దం కూడా తీసేయండి. జలగ పడితే లాగకండి, గోటిని దాని నోటి కిందికి జరిపి విడదీయండి. రక్తం కాసేపు ఆగదు, భయం లేదు.

మా అమ్మకు 62 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. బాబుకు పదేళ్లు. ఇద్దర్నీ తీసుకెళ్లొచ్చా?

చిత్వన్‌కు తీసుకెళ్లండి, నడకకు వద్దు. దారి చదునుగానే ఉంటుంది, దూరం అమ్మగారికి కష్టం కాకపోవచ్చు. కానీ చెట్టెక్కాల్సి వస్తే? పదేళ్ల బాబు మూడు గంటలు నోరు మెదపకుండా ఉండగలడా? ఒక్క కేక చాలు. వాళ్లిద్దరికీ రాప్తీ మీద దుంగ పడవ ప్రయాణం హాయిగా ఉంటుంది. చప్పుడు చేయని ఆ పడవలోంచి ఒడ్డున నీళ్లు తాగే ఖడ్గమృగం, ఇసుక మీద మొసళ్లు, సన్నమూతి ఘరియల్‌లు కనిపిస్తాయి. ఉద్యానం ప్రధాన కార్యాలయం ఉన్న కసరాలో 1978 నుంచి నడుస్తున్న ఘరియల్ సంరక్షణ కేంద్రం బాబుకు నచ్చుతుంది. మీరొక్కరు తెల్లవారుజామున నడిచి రండి.

ప్రయాణం, కాగితాలు, డబ్బు సంగతి చెప్పండి.

వీసా అక్కర్లేదు. పెద్దవాళ్ల దగ్గర పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్‌ను నమ్ముకుని బయల్దేరకండి, చిక్కు వచ్చేది అక్కడే. రక్సౌల్‌లో సరిహద్దు దాటితే బీర్‌గంజ్, అక్కడి నుంచి హెటౌడా మీదుగా టాండీ. టాండీలో దిగితే, ఉద్యానం అంచున బస దొరికే సౌరాహా ఊరు దగ్గరే. విమానమైతే ఖాట్మండు నుంచి భరత్‌పూర్‌కు అరగంట లోపే.

మన రూపాయికి 1.6 నేపాలీ రూపాయలు, ఇది స్థిరమైన రేటు. వంద రూపాయల నోట్లు తీసుకెళ్లండి. ప్రవేశ రుసుము మనతో సహా సార్క్ దేశాలవారికి ఇతర విదేశీయుల కన్నా తక్కువ, గుర్తింపు కార్డు చూపి అడగండి. అనుమతి ఒక్క రోజుకే చెల్లుతుంది. 2012లో ఉద్యానం లోపలి హోటళ్లు మూసేశారు కాబట్టి రెండు రోజుల నడక అంటే రాత్రికి బయటి గ్రామంలో బస అన్నమాట.

ఆఫ్రికాలో కూడా ఇలాగే ఉంటుందా?

దక్షిణాఫ్రికాలోని ఇమ్ఫొలోజీ అభయారణ్యంలో 1950ల చివరి నుంచి ఇలాంటి నడకలున్నాయి. అక్కడ గైడు దగ్గర తుపాకీ ఉంటుంది, నేల తెరిపిగా ఉండటంతో దూరం నుంచే చూడొచ్చు. తెల్ల ఖడ్గమృగం పిల్ల తల్లికి ముందు నడుస్తుంది, నల్లదాని పిల్ల వెనక. మొదటిసారి నడిచేవాళ్లకు చిత్వన్ గడ్డి కన్నా ఆ నేల సులువే.

తీసిన ఫొటోలు వెంటనే పెట్టొచ్చా?

పెట్టండి, కానీ ఫోనులో లొకేషన్ ఆపేసి తీసినవి. ఏ మడుగు దగ్గర, ఏ దారిలో అని రాయకండి. 2011లో నేపాల్ ఒక్క ఖడ్గమృగాన్నీ వేటగాళ్లకు పోగొట్టుకోకుండా ఏడాదంతా గడిపింది, ఆ తర్వాత కూడా అలాంటి సంవత్సరాలు సాధించింది. అయినా కొమ్ముకు గిరాకీ పోలేదు. ఇంటికి చేరాక, ఊరి పేరు వరకే రాసి పెట్టండి.