స్పోర్ట్స్ సైన్స్ చేస్తే పీఈటీ మేడమ్ అవుతానా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది కూకట్‌పల్లి, ఇంటర్ సెకండియర్ బైపీసీ. స్కూల్లో 800 మీటర్లు బాగా పరిగెత్తేదాన్ని, మోకాలి నొప్పితో మానేశా. డిగ్రీలో స్పోర్ట్స్ అండ్ ఎక్సర్‌సైజ్ సైన్స్ తీసుకుందామని ఉంది. నాన్నేమో "ఇంత చదివి పీఈటీ మేడమ్ అవుతావా, ఫిజియోథెరపీ చెయ్" అంటున్నాడు. పైగా నాకు లెక్కలంటే భయం. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు నాన్నగారి సంగతి చూద్దాం. గవర్నమెంట్ స్కూల్లో పీఈటీ పోస్టుకి ఈ డిగ్రీ పనికిరాదమ్మా, దానికి వ్యాయామ విద్యలో డిప్లొమా (డీపీఎడ్) గానీ డిగ్రీ (బీపీఎడ్) గానీ కావాలి, వాటిలో చేరడానికి పీఈసెట్ అనే ఎంట్రన్స్ రాయాలి, ఆ రూటే వేరు. కాబట్టి ఆయన భయపడుతున్నది ఈ ఒక్క డిగ్రీతో నువ్వు కావాలనుకున్నా జరగదు!

ఇక కోర్సు. ఇందులో నువ్వు ఆడేది తక్కువ, ఆడేవాళ్లని కొలిచేది ఎక్కువ. ఉదాహరణకి వీఓటూ మాక్స్ టెస్ట్ ఉంటుంది, అంటే ఒళ్లు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడగలదో కొలవడం, రన్నర్‌కి ముక్కూ నోరూ మూసేలా మాస్క్ పెట్టి ట్రెడ్‌మిల్ ఎక్కిస్తారు, స్పీడో ఎత్తో పెంచుకుంటూ పోతారు, ఆ మనిషి ఎర్రబడిపోయి ఇంక నావల్ల కాదు అనేదాకా నువ్వు పక్కన నిలబడి "ఎంత కష్టంగా ఉంది" అని 6 నుంచి 20 దాకా అంకెలున్న బోర్గ్ స్కేల్ చూపిస్తుంటావు, లాక్టేట్ (గట్టిగా శ్రమపడినప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) కూడా చూడాలంటే మధ్యమధ్యలో వేలికొన నుంచి రక్తం చుక్క తియ్యాలి. తర్వాత కూర్చుని లెక్క. 60 కిలోల మనిషి నిమిషానికి 3 లీటర్ల ఆక్సిజన్ వాడితే కిలోకి 50 మిల్లీలీటర్లు, అంతే, ఈ భాగానికి ఇంతకంటే పెద్ద లెక్క లేదు. బయోమెకానిక్స్‌లో, అంటే ఒంటి కదలికల్ని లెక్కగట్టే సబ్జెక్టులో మాత్రం ఫిజిక్స్ వస్తుంది, నిజం చెప్పాలిగా. అది నచ్చుతుందో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు: చెల్లినో ఫ్రెండ్‌నో నిటారుగా పైకి ఎగరమని ఫోన్‌లో స్లోమోషన్ తియ్యి, కాళ్లు నేల వదిలినప్పట్నుంచి మళ్లీ తగిలేదాకా ఫ్రేములు లెక్కపెట్టు. సెకనుకి 240 ఫ్రేముల వీడియోలో 120 వస్తే అర సెకను గాల్లో ఉన్నట్టు, అంటే సుమారు 30 సెంటీమీటర్లు ఎగిరినట్టు. ఇది చేస్తుంటే సరదాగా అనిపిస్తే నీకు లెక్కల భయం లేదు, పరీక్షల భయం ఉంది.

ఫిజియోథెరపీ విషయంలో నాన్నగారి మాటని తీసిపారెయ్యను. 2021 అలైడ్ హెల్త్‌కేర్ చట్టంలో ఫిజియోథెరపీ ఉంది, అంటే చట్టం గుర్తించిన వృత్తి, సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చు, మన హైదరాబాద్‌లో సందుకో ఫిజియో బోర్డు ఉందిగా. స్పోర్ట్స్ సైన్స్ వాళ్లు దెబ్బలకి ట్రీట్‌మెంట్ ఇవ్వకూడదు, వాళ్ల పని ట్రైనింగ్ ప్లాన్, టెస్టింగ్, స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ (ఆటకి తగ్గట్టు బలం, ఫిట్‌నెస్ పెంచడం). గచ్చిబౌలి వైపు అకాడమీల్లో ఈ పని ఉంటుంది కానీ మొదట్లో ఇంటర్న్‌షిప్‌తోనే నెట్టుకురావాల్సి రావచ్చు. నీ మోకాలి నొప్పి వల్లే ఈ ఆలోచన వచ్చుంటే, అంటే నొప్పి ఎందుకొచ్చింది ఎలా తగ్గించాలి అన్నదే నీ బుర్ర తొలిచేస్తుంటే, ముందు బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేసి పీజీలో స్పోర్ట్స్ తీసుకో. కాదు, ఇంకో రెండు సెకన్లు టైమ్ ఎలా తగ్గించేదాన్నో అన్నదే ఇప్పటికీ తిరుగుతుంటే స్పోర్ట్స్ సైన్సే నీది.

కాలేజీలకైతే చెన్నైలో శ్రీరామచంద్ర యూనివర్సిటీ చూడు. పాటియాలా ఎన్ఐఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్) 1961 నుంచీ ఉంది, పేరు గొప్పదే కానీ అక్కడ ప్రధానంగా కోచింగ్ కోర్సులు, నీకిప్పుడు కాదు. ఎక్కడైనా ఫీజు కట్టేముందు ల్యాబ్ చూపించమను, ట్రెడ్‌మిల్, గ్యాస్ ఎనలైజర్ (ఊపిరిలో ఆక్సిజన్ కొలిచే మెషిన్) పనిచేస్తున్నాయా, స్టూడెంట్స్‌ని ముట్టుకోనిస్తారా అని సీనియర్లని అడుగు, ఆఫీసు వాళ్లని కాదు.