పాత నిక్కర్ లెన్సులను సోనీ మిర్రర్‌లెస్ కెమెరాకు బిగించి వాడవచ్చా?

మీ మేనమామగారు నికాన్ ఎఫ్ఎమ్2 ఫిల్ము కెమెరాతో పాటు ఇచ్చిన 50 మి.మీ. ఎఫ్ 1.4, 135 మి.మీ. ఎఫ్ 2.8 నిక్కర్ లెన్సులను (నికాన్ తన లెన్సులకు పెట్టుకున్న పేరు నిక్కర్) మీ సోనీ ఎ6400 మిర్రర్‌లెస్ కెమెరా మీద వాడవచ్చా, నాణ్యత తగ్గుతుందా, అడాప్టరుకు ఎంత పెట్టాలి అని అడిగారు. నిస్సంకోచంగా వాడవచ్చు. నేనూ చెన్నైలోనే ఉంటూ ఇదే తరహా లెన్సులను చాలాకాలంగా సోనీ కెమెరా మీద వాడుతున్నాను. నా అనుభవంలో ఫలితాన్ని నిర్ణయించేది అడాప్టరు ధర కాదు, లెన్సు లోపలి గాజు ఏ స్థితిలో ఉందన్నదే. కాబట్టి ఏదైనా కొనేముందు ఆ రెండింటినీ వెలుతురు పెట్టి చూడండి.

సముద్రపు గాలి ఏడాది పొడవునా తగిలే మన ఊళ్లో, అందులోనూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడే రోజుల్లో, తోలు సంచీలో పెట్టి బీరువాలో మరిచిపోయిన లెన్సుకు ఫంగస్ పట్టడం మామూలే. ఎపర్చర్ రింగును, అంటే వెలుతురు చొరబడే రంధ్రాన్ని పెద్దది చిన్నది చేసే రింగును, అన్నిటికంటే చిన్న సంఖ్యకు (50కి 1.4, 135కి 2.8; సంఖ్య తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది) తిప్పి, వెనకవైపు నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి కాస్త పక్కవాటుగా చూడండి. దుమ్ము రేణువులు నాలుగైదు కనిపిస్తే పట్టించుకోనక్కర్లేదు, అవి ఫొటోలో తెలియవు. సాలెగూటి పోగుల్లా అంచు నుంచి మధ్యకు పాకిన సన్నని కొమ్మలు కనిపిస్తే మాత్రం అది ఫంగసే. తొలిదశలో ఉంటే లెన్సు విప్పి శుభ్రం చేయగల మెకానిక్ దాన్ని తుడిచివేయగలడు. గాజు మీది పూతను తినేసి ఉంటే తుడిచిన తరువాత కూడా మచ్చ మిగులుతుంది, ఎదురు వెలుతురులో బొమ్మ వెలిసినట్లు వస్తుంది. అలాంటి లెన్సు మీద డబ్బు పెట్టమని నేను సలహా ఇవ్వను.

తరువాత రింగును 16కు తిప్పి, లెన్సు వెనక ఉన్న చిన్న లోహపు మీటను వేలితో నెట్టి వదలండి. ఆ రంధ్రాన్ని చిన్నది చేసే ఎపర్చర్ రేకులు ఠక్కున మూసుకోవాలి. బద్ధకంగా కదిలితే వాటికి నూనె పట్టిందని అర్థం. ఫిల్మ్ కెమెరాలో అది పెద్ద లోపమే, ఎందుకంటే షట్టరు తెరుచుకునే లోపల రేకులు మూసుకోవాలి. అడాప్టరు మీద రేకులు మీ చేతి రింగుతోనే కదులుతాయి కనుక వెంటనే వచ్చే ఇబ్బంది తక్కువ. అయినా ఆ నూనె ఆవిరై గాజుకు పొరలా పట్టే అవకాశం ఉంది కనుక వీలు చూసుకుని శుభ్రం చేయించండి.

ఇక అడాప్టరు సంగతి. నికాన్ 1959లో తెచ్చిన ఎఫ్ మౌంటులో (మౌంటు అంటే కెమెరాకు లెన్సు బిగించే చోటు) లెన్సు అంచు నుంచి ఫిల్ము దాకా దూరం 46.5 మి.మీ.; మధ్యలో అద్దం కదలడానికి ఆ చోటు కావాలి. అద్దం లేని సోనీ ఇ మౌంటులో ఆ దూరం 18 మి.మీ. మాత్రమే. మిగిలిన 28.5 మి.మీ. నింపే బోలు లోహపు గొట్టమే అడాప్టరు. దానిలో గాజు ఉండనవసరం లేదు, గాజు లేనప్పుడు నాణ్యత తగ్గడానికి కారణమూ లేదు. ఖరీదు చూడకండి, లెన్సు బిగించాక ఆడకుండా ఉందో లేదో చూడండి. చవకరకంలో గొట్టం ఆవగింజంత పొట్టిగా ఉండడం తరచూ కనిపిస్తుంది. అప్పుడు ఫోకస్ రింగు మీది ఇన్ఫినిటీ (అనంత దూరం) గీతకు ముందే దూరపు వస్తువులను పట్టుకుంటుంది. దానితో సర్దుకోవచ్చు. పొడుగ్గా ఉంటే దూరాన ఉన్నవి ఎప్పటికీ స్పష్టంగా రావు కనుక అది తిరిగి ఇచ్చేయవలసిందే.

లెన్సు తగిలించినా కెమెరా దాన్ని గుర్తించదు. మెనూలో లెన్సు లేకపోయినా షట్టరు పని చేసే వీలు కల్పించే అమరికను ముందు ఆన్ చేయండి. ఎపర్చర్ మీరు పెట్టుకుంటే షట్టరు వేగాన్ని కెమెరాయే ఎంచుకునే ఎపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో అది వెలుతురును చక్కగా కొలుస్తుంది, ఎఫ్ సంఖ్య మాత్రం ఫొటో వివరాలలో నమోదు కాదు. ఎ6400 బాడీలో వణుకును సరిదిద్దే ఏర్పాటు లేదు. పైగా ఫిల్ము కంటే చిన్న సెన్సరు వల్ల మీ 50 దాదాపు 75 మి.మీ. లాగా, 135 దాదాపు 200 లాగా చూస్తాయి. కనుక వెలుతురుకు తగ్గట్టు సెన్సరు స్పందనను కెమెరాయే సర్దుకునే ఆటో ఐఎస్‌ఓలో కనీస షట్టరు వేగాన్ని మొదటిదానికి 1/160, రెండోదానికి 1/320 దగ్గర పెట్టుకోండి.

అసలు నేర్చుకోవలసినది ఫోకస్. ఫోకస్ కుదిరిన అంచులకు కెమెరా తెర మీద వేసి చూపే పీకింగ్ రంగు గీతలను చూసి సరిపోయిందనుకోవద్దని గట్టిగా చెబుతాను. అవి వెలుగునీడల తేడా ఉన్న అంచులను చూపిస్తాయే తప్ప, ఎఫ్ 1.4లో కంటిరెప్పకూ కనుపాపకూ మధ్య ఉన్న దూరాన్ని పట్టించుకోవు. ఒక బటన్‌కు ఫోకస్ మాగ్నిఫయర్‌ను కేటాయించి, పెద్దదిగా చూస్తూ రింగును కొంచెం దాటించి వెనక్కి తెచ్చి ఆపండి. నవరాత్రుల ముందు మైలాపూర్ ఉత్తర మాడ వీధిలో బొమ్మల కొలువు బొమ్మలు అమ్మే రోజుల్లో దీన్ని సాధన చేయడం నాకు ఎంతో ఇష్టం. మట్టిబొమ్మ కదలదు, దాని కంటికి దిద్దిన నల్లగీత మీద ఫోకస్ కుదిరిందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

నడిచే జనాన్ని తీసేటప్పుడు ఎఫ్ 8 పెట్టి 5 మీటర్ల దగ్గర ఫోకస్ నిలపండి. 50తో సుమారు 4 నుంచి 7 మీటర్ల వరకు స్పష్టంగా వస్తుంది. లెన్సు మీది లోతు గీతలు (ఏ ఎఫ్ సంఖ్యకు ఎంత దూరం నుంచి ఎంత దూరం వరకు స్పష్టంగా వస్తుందో చూపేవి) ఫిల్ము కొలతకు చెక్కినవి, చిన్న సెన్సరుకు అవి కొంచెం ఉదారంగా చెబుతాయి. అందువల్ల ఎఫ్ 8లో తీస్తూ 5.6 గీతలను నమ్మండి. పరుగెత్తే పిల్లలకు, పెళ్లిపందిట్లో ఒక్కసారే జరిగే తలంబ్రాలకు మాత్రం ఆటోఫోకస్ లెన్సే వాడండి.

నాణ్యత విషయానికి వస్తే, 50 మి.మీ. ఎఫ్ 1.4లో మెత్తగా ఉంటుంది, వెలుగు బొట్ల చుట్టూ సన్నని మెరుపు కమ్ముతుంది. ముఖాలకు అది నాకు నచ్చుతుంది, కొత్త లెన్సుల కరుకుదనం కంటే మేలనిపిస్తుంది. 2.8కు మూస్తే మధ్యభాగం ఎంతో పదునుగా వస్తుంది. ఉదయాన మెరీనాలో సూర్యుడు సముద్రం వైపు నుంచే లేస్తాడు కనుక ఎదురు వెలుతురు తప్పదు, లెన్సు హుడ్ తప్పక పెట్టండి.

వాడనప్పుడు లెన్సులను తోలు సంచీల్లోంచి తీసేసి, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పాటు తేమను కొలిచే చిన్న హైగ్రోమీటరు వేసి ఉంచండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలిస్తే చాలు. మరీ ఎండిపోనివ్వడమూ మంచిది కాదు. రంగు మారే రకం సిలికా జెల్ అయితే మారగానే వేడి చేసి తిరిగి వాడుకోవచ్చు. లెన్సుల సంఖ్య పెరిగితే అప్పుడు తేమను అదుపులో ఉంచే అలమర, అంటే డ్రై క్యాబినెట్ కొనడం గురించి ఆలోచించండి.