సమాధానం: ‘పలుకే బంగారమాయెనా’ కవర్‌లో అపశ్రుతి

రామదాసు కీర్తన ‘పలుకే బంగారమాయెనా’ను మీరు గిటారుతో తిరిగి పాడి రికార్డు చేసిన కవర్‌లో, శ్రుతి ఎంత సరిచేసినా పల్లవిలో రాపిడి పోవడం లేదని రాశారు కదా. మీ గొంతులో లోపం లేదు. గిటారు మీద పడుతున్న మేజర్ కార్డే (కార్డు అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపు) దీనికి మూలమై ఉండాలి. శ్రుతి ఎంత సరిచేసినా పల్లవిలో రాపిడి పోవడం లేదని రాశారు కదా. కర్ణాటక సంగీత విద్వాంసులు బాలమురళీకృష్ణ గారు పాడిన బాణీ ఆనందభైరవి రాగంలో ఉంది. అందులో ప్రధానంగా పలికేది సాధారణ గాంధారం (‘గ’ స్వరంలో కింది రకం) కాగా, మేజర్ కార్డు అంతర గాంధారాన్ని (పై రకాన్ని) మోగిస్తుంది కనుక ఆ రెండూ ఒరుసుకుంటాయి.

1. మీ శ్రుతి ‘సి’ అయితే సి మేజర్ తీసేయండి.

2. సాధారణ గాంధారం ఉండే మైనర్ కార్డుకు మారితే చాలదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. గొంతు గాంధారాన్ని ఊపుతూ పాడుతుంటే గిటారు దాన్ని కదలనివ్వకుండా పట్టి ఉంచుతుంది కాబట్టి, కార్డులోంచి గాంధారాన్నే తొలగించి, తంబురాలాగా షడ్జమ పంచమాలను (స, ప) మాత్రమే మోగించండి.

3. ఆటోట్యూన్ (గొంతు శ్రుతిని దానంతటదే సరిచేసే సాఫ్ట్‌వేర్) ఆపేయండి, అది గమకాలను, అంటే స్వరాల ఊపును, మెట్లుగా నరికేస్తుంది.

అమలాపురంలో ఒక శ్రీరామనవమి పందిట్లో ఓ కుర్రాడు రెండు తీగలే మీటుతూ పాడిన ఈ కీర్తన, పెద్ద వాద్యబృందాల కవర్ల కన్నా నాకు ఇష్టం. అందులో గాంధారం ఊగడానికి చోటు మిగిలింది.

4. పాత ట్రాకును దిద్దకుండా, కొత్తగా పాడి రికార్డు చేయండి.