మాస్టొడాన్‌లో (వేర్వేరు సర్వర్లపై నడిచే సామాజిక మాధ్యమం) సర్వర్ మారితే అనుచరులు వెంట రావడం లేదా?
కారణం దాదాపుగా ఒకటే: కొత్త ఖాతాలో పాత ఖాతా చిరునామాను మారుపేరుగా (అలియాస్, అంటే ఆ ఖాతా కూడా మీదేనన్న గుర్తు) నమోదు చేయకుండానే తరలింపు మొదలుపెట్టారు. అందుకే మీకు "ఇది ఈ ఖాతాకు మారుపేరు కాదు" అన్న సందేశం వస్తోంది.

1. ముందు కొత్త ఖాతా తెరవండి, పాతది కాదు. అందరూ తడబడేది ఇక్కడే. అమరికల్లో ఖాతా విభాగానికి వెళ్లి, "వేరే ఖాతా నుంచి తరలి రావడం" అన్న అర్థమిచ్చే చోట పాత చిరునామా రాయండి. మీ పేరొక్కటే చాలదు, సర్వర్ పేరు కూడా ఉండాలి. ఒక్క అక్షరం తప్పినా పని జరగదు.

2. ఇప్పుడు పాత ఖాతాలో కొత్త చిరునామా, పాత ఖాతా పాస్‌వర్డ్ ఇచ్చి తరలించండి.

ఆ తర్వాత పని సర్వర్లదే. అమలాపురంలో వానకు కరెంటు పోయినా అది ఆగదు. అనుచరులు ఒక్కసారిగా కాక, మెల్లగా వస్తారు.

మీరు అనుసరించేవారి జాబితా మాత్రం తనంతట రాదు. పాత ఖాతా నుంచి సీఎస్‌వీ ఫైలుగా (జాబితాను దాచే సాదా ఫైలు) దించి కొత్తదానిలో ఎక్కించాలి.

మీరు పెట్టిన కోనసీమ కాలువల ఫొటోల వంటి పాత పోస్టులు పాత సర్వర్‌లోనే ఉండిపోతాయి. దయచేసి ఆ ఖాతాను తొలగించకండి. మళ్లీ తరలించాలంటే 30 రోజులు ఆగాలి, కాబట్టి సర్వర్‌ను నిదానంగా ఎంచుకోండి.